లెక్కగట్టే ఛాన్సు, ఇవ్వాల్సిన ఛాన్సు

"ఈ పిల్లకు ఛాన్సుందా?" అమెరికాలో హైస్కూలు ఆఖరి ఏడాదికొచ్చిన పిల్లల ఇళ్ళల్లో, స్కూళ్ళల్లో, డబ్బు తీసుకుని సలహాలిచ్చే ఆఫీసుల్లో ఏటా వినపడే ప్రశ్న ఇది. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ లాంటి చోట్ల దరఖాస్తు పెట్టిన వందమందిలో సీటు దొరికేది నలుగురైదుగురికే. అందుకని ముందే లెక్కలేస్తారు. ఫలానా కాలేజీ ఖాయం, ఫలానాది సరిజోడు, ఫలానాది అందని ద్రాక్ష అని మూడు గంపల్లో వేరుచేస్తారు. పిల్ల భవిష్యత్తు అక్కడే సగం తేలిపోతుంది.

ఛాన్సు అనే మాటను తెలుగులో మనం రెండు రకాలుగా వాడతాం. "వానొచ్చే ఛాన్సుంది" అంటే జరగొచ్చనే అంచనా. "పిలగాడికి ఒక్క ఛాన్సియ్యండి" అంటే ఒకరి చేతిలో ఉన్నదాన్ని ఇంకొకరికి ఇవ్వమని అడగడం. మొదటిదానికి బాధ్యుడెవడూ ఉండడు, వానలాగే. రెండోదానికి ఇచ్చేవాడుంటాడు, ఇవ్వనివాడూ ఉంటాడు. పెద్ద కాలేజీల సీట్ల గురించి జరిగే చర్చ అంతా ఈ రెండో అర్థాన్ని మొదటి అర్థం వెనకాల దాచిపెడుతుంది. పిల్లను తూస్తున్నామని చెప్పి ఆమె ఇంటిని తూస్తుంది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే.

లెక్కలో ఏమేమి వేస్తారో ముందు చూద్దాం. హైస్కూలు మార్కులు, తీసుకున్న కష్టమైన కోర్సులు, శాట్ స్కోరు, టీచర్ల సిఫారసు ఉత్తరాలు, పిల్ల రాసుకున్న వ్యాసం, చదువు బయట చేసిన పనులు. చాలా కాలేజీలు తీసుకునే ఉమ్మడి దరఖాస్తులో ఈ బయటి పనులకు 10 గళ్ళుంటాయి. అందులో ఇంటి బాధ్యతలు అని కూడా రాసుకోవచ్చు. తమ్ముణ్ణి సాకడం, అమ్మతో పనికి పోవడం రాయొచ్చన్నమాట. కానీ రాయొచ్చని ఆ పిల్లకు చెప్పేదెవరు? ఒక్కో స్కూలు కౌన్సిలర్ కింద 250 మంది పిల్లలకు మించి ఉండకూడదని అక్కడి కౌన్సిలర్ల సంఘమే చెబుతుంది. 2023-24లో దేశం సగటు 376. ఉన్నోళ్ళ పిల్లలకు మాత్రం ఎనిమిదో తరగతి నుంచే సొంత సలహాదారు ఉంటాడు. ఆ గళ్ళల్లో రాసుకోడానికి పనికొచ్చే పనులేవో ముందే వెతికిపెట్టి, తర్వాత వాటిని చేయిస్తాడు. 2019లో బయటపడ్డ రిక్ సింగర్ కుంభకోణంలో లంచాలిచ్చి దొంగ క్రీడాకారుల్ని తయారుచేశారు. దొరికినవాళ్ళు జైలుకెళ్ళారు. చట్టబద్ధంగా కొనుక్కునేవాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు.

ఈ లెక్క ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలి. 1920ల తొలినాళ్ళలో హార్వర్డ్‌లో యూదు విద్యార్థుల వాటా 20 శాతం దాటింది. ప్రెసిడెంట్ లోవెల్‌కు అది నచ్చలేదు. బాహాటంగా కోటా పెడితే గొడవైంది. అప్పుడు 'శీలం', 'వ్యక్తిత్వం' అనే కొలబద్దలు ముందుకొచ్చాయి. ఫోటోలు అడిగారు, ఇంటర్వ్యూలు పెట్టారు. పూర్వ విద్యార్థుల పిల్లలకు పెద్దపీట వేసే పద్ధతి కూడా అలాంటి కాలేజీల్లో ఆ దశాబ్దంలోనే స్థిరపడింది. జెరోమ్ కారబెల్ 2005లో అచ్చువేసిన 'ది చోజన్' ఈ చరిత్రనంతా తవ్వితీసింది. మార్కులు మోసే పిల్లల్ని ఆపడానికి వంశం, మర్యాద కావాల్సొచ్చాయి. మనకు ఈ కథ కొత్తేం కాదు. చదువు వచ్చినవాడికి 'సంస్కారం లేదు' అనే మాట మనమూ పడ్డాం.

అట్లాగని పరీక్ష పవిత్రమైందా అంటే అదీ కాదు. 1926లో శాట్‌ను రూపొందించిన కార్ల్ బ్రిగమ్, 1923లో నార్డిక్ జాతి తెలివి గొప్పదని పుస్తకం రాసినవాడు. 1930లో తన వాదన తప్పని ఆయనే ఒప్పుకున్నాడు. పరీక్ష మాత్రం నిలిచిపోయింది.

హార్వర్డ్ తన గుమ్మం దగ్గర ఎట్లా తూస్తుందో 2018లో బోస్టన్ కోర్టు విచారణలో బయటికొచ్చింది. చదువు, ఇతర పనులు, ఆటలు, వ్యక్తిత్వం, వీటికి విడివిడిగా 1 నుంచి 6 దాకా అంకెలు వేస్తారు. ఆసియా మూలాల పిల్లలకు వ్యక్తిత్వం అంకె తక్కువొస్తున్నదని కేసు వేసినవాళ్ళు చూపించారు. కావాలని చేసిన వివక్షకు రుజువు లేదని 2019లో ఆ కోర్టు అన్నది. 2023 జూన్ 29న సుప్రీం కోర్టు ఆ తీర్పును తిరగేసి, సీట్ల ఎంపికలో జాతిని లెక్కలోకి తీసుకోవడం రాజ్యాంగ విరుద్ధమన్నది.

ఆ కేసులోనే ఇంకో లెక్క బయటపడింది. కేసు వేసినవాళ్ళ తరఫు నిపుణుడు ఆర్థికవేత్త పీటర్ ఆర్సిడియాకోనో, ఇంకో ఇద్దరితో కలిసి 2019లో ఆ కాగితాల మీదే ఒక అధ్యయనం చేశాడు. హార్వర్డ్‌లో సీటొచ్చిన తెల్ల విద్యార్థుల్లో 43 శాతం మంది నాలుగు ప్రత్యేక వర్గాల్లో ఏదో ఒకదానికి చెందినవాళ్ళు: ఆటలకోసం పిలిచి తీసుకున్నవాళ్ళు, పూర్వ విద్యార్థుల పిల్లలు, దాతల పిల్లల్లాంటి డీన్ జాబితావాళ్ళు, అక్కడి ఉద్యోగుల పిల్లలు. నల్లవాళ్ళల్లో, హిస్పానిక్‌లలో, ఆసియా మూలాలవాళ్ళల్లో ఈ వాటా 16 శాతం లోపే. ఈ ముద్ర లేకపోతే ఆ తెల్ల పిల్లల్లో నాలుగింట మూడొంతుల మందికి సీటు రాకపోయేదని కూడా వాళ్ళే తేల్చారు. మరి కోర్టు కొట్టేసింది దేన్ని? జాతిని. కదిలించనిది దేన్ని? వారసత్వాన్ని. నల్లవాడికి ఇచ్చిన ఛాన్సు 'ఇచ్చింది'గా కనపడింది కాబట్టి నేరమైంది. దాత కొడుక్కి ఇచ్చిన ఛాన్సు 'ఉన్నది'గా కనపడింది కాబట్టి సహజమైంది. ఫలితం చూడండి. ఎంఐటీలో అంతకు ముందు ఏళ్ళల్లో సగటున 13 శాతం ఉన్న నల్ల విద్యార్థుల వాటా 2024లో చేరిన బ్యాచ్‌లో 5 శాతానికి పడిపోయింది.

మన దగ్గర క్యాపిటేషన్ ఫీజును ఆంధ్రప్రదేశ్ 1983లోనే చట్టం చేసి నిషేధించింది. ఆ చట్టాన్ని ఎంత బాగా తుంగలో తొక్కారో అందరికీ తెలుసు. అయినా దాన్ని తప్పు అనడానికి ఒక కాగితమైనా ఉంది. అక్కడ ప్రైవేటు యూనివర్సిటీలు అదే పనిని గౌరవంగా చేసుకుంటూ వచ్చాయి. కాలిఫోర్నియా రాష్ట్రం పూర్వ విద్యార్థుల, దాతల పిల్లల ప్రాధాన్యాన్ని ప్రైవేటు కాలేజీల్లో కూడా నిషేధిస్తూ చట్టం చేసింది 2024లో.

ఇంతవరకూ గుమ్మం దగ్గరి సంగతి. నాకు ఇంతకన్నా ముఖ్యమనిపించేది, ఈ లెక్క గుమ్మందాకా రాని పిల్లకు ఏం చేస్తుందన్నది. కరోలిన్ హాక్స్‌బీ, క్రిస్టఫర్ ఏవరీ 2012లో చూపించిందేమంటే, గొప్ప మార్కులున్న పేద పిల్లల్లో అత్యధికులు ఇట్లాంటి కాలేజీల్లో ఒక్కదానికి కూడా దరఖాస్తే పెట్టరు. సహాయం కలుపుకుంటే ఆ కాలేజీల్లోనే వాళ్ళకు ఖర్చు తక్కువైనా సరే. తిరస్కరించాల్సిన పని కూడా కాలేజీకి లేకుండా పోయింది. పిల్లే తనను తాను తిరస్కరించుకుంది.

డార్ట్‌మత్ కాలేజీ అనుభవం ఇంకా కళ్ళు తెరిపిస్తుంది. కొన్నేళ్ళు అక్కడ శాట్ స్కోరు పంపడం పిల్లల ఇష్టానికి వదిలేశారు. పేద ఇళ్ళ పిల్లలు కొందరు 1400 దగ్గర స్కోరు తెచ్చుకుని కూడా, ఆ కాలేజీ సగటు కన్నా తక్కువని దాచిపెట్టుకున్నారు. నిజానికి వాళ్ళ స్కూలు, వాళ్ళ పరిస్థితి లెక్కలోకి తీసుకుని చూస్తే ఆ స్కోరు వాళ్ళకు సీటు తెచ్చిపెట్టగలిగేది. ఇది గమనించి 2024లో ఆ కాలేజీ పరీక్షను మళ్ళీ తప్పనిసరి చేసింది. ధనవంతుల పిల్లల సగటును అచ్చేసి అందరి ముందూ పెడితే, దాన్ని చూసి తలదించుకునేది ఎవరో వేరే చెప్పాలా?

దీనికి ఎదురుగా ఇంకో ఉదాహరణ ఉంది. మిషిగన్ యూనివర్సిటీ 2015లో మంచి మార్కులున్న పేద పిల్లలకు ఒక ఉత్తరం పంపింది. సీటొస్తే నాలుగేళ్ళు ఫీజు ఉండదు, దానికోసం ముందు ఏ ఫారాలూ నింపక్కర్లేదు అని. కొత్తగా ఇచ్చిన డబ్బు దాదాపు ఏమీ లేదు. చాలామందికి ఆ సహాయం ఎట్లాగూ దొరికేదే. ఉత్తరం అందని పిల్లల్లో 26 శాతం దరఖాస్తు పెడితే, అందినవాళ్ళల్లో 68 శాతం పెట్టారు. చేరినవాళ్ళు 12 శాతం నుంచి 27 శాతమయ్యారు. మార్కులు అవే, పిల్లలు అట్లాంటివాళ్ళే. మారింది ఒక్కటే. "నీకు ఛాన్సుందా" అని కొలవడం ఆపి "నీకు ఇస్తున్నాం" అని మాటిచ్చారు.

ఈ సందర్భంలో మనోళ్ళ సంగతి కూడా మాట్లాడాలి. 2010, 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగారని అక్కడి సెన్సస్ లెక్కల విశ్లేషణ చూపించింది. వీళ్ళ పిల్లలు దరఖాస్తులో 'ఏషియన్' గడిలో టిక్కు పెడతారు. ఆ గడిలో కులం లేదు. కాలవ కింద భూములు మిగుల్చిన డబ్బు, ఆ డబ్బుతో వచ్చిన ఇంజనీరింగ్ చదువు, ఆ చదువుతో వచ్చిన వీసా, ఇవన్నీ సముద్రం దాటేసరికి ఒక్క 'కష్టపడే తత్వం'గా మారిపోతాయి. అదే గడిలో మొదటి తరం చదువుతో అక్కడిదాకా పోయిన మాల, మాదిగ ఇంటి బిడ్డ కూడా ఉంటుంది. ఆమె నడిచిన దూరం ఏ గడిలోనూ పట్టదు. కులవివక్షను చట్టంలో పేరుపెట్టి చెప్పే బిల్లును కాలిఫోర్నియా గవర్నర్ 2023 అక్టోబరులో తిప్పికొట్టాడు. బిల్లును గట్టిగా ఎదిరించినవాళ్ళల్లో హిందూ అమెరికన్ సంస్థలున్నాయి. ఇక్కడ రిజర్వేషన్‌ను మెరిట్ పేరుతో తిట్టినవాళ్ళు, అక్కడ తమ పిల్లల 'వ్యక్తిత్వం' అంకె తగ్గిందంటే అన్యాయమంటారు. అన్యాయమే. ఆ అన్యాయాన్ని ఇక్కడ తరతరాలుగా పడ్డవాళ్ళ మాట వినడానికి మాత్రం వాళ్ళకు తీరిక దొరకదు.

ఒక అభ్యంతరం రావొచ్చు. అంచనా వేయకపోతే పేద పిల్ల దారి ఎట్లా ఎంచుకుంటుంది, ఉన్న కాస్త డబ్బూ సమయమూ వృథా చేసుకోదా అని. నిజమే, సలహా కావాలి. కానీ సలహాకూ తీర్పుకూ తేడా ఉంది. ఫీజు మాఫీ ఎట్లా అడగాలి, ఇంటిపనిని ఏ గడిలో రాయాలి, ఏ కాలేజీ నిజంగా ఎంత ఖర్చు భరిస్తుంది అని చెప్పేది సలహా. "మనలాంటోళ్ళకు అది కాదులే" అనేది తీర్పు. మన ఇంటర్ కార్పొరేట్ కాలేజీలు పిల్లల్ని వారం పరీక్షలతో సెక్షన్లుగా విడగొట్టి, కింది సెక్షన్‌వాళ్ళకు మాట్లాడకుండా చెప్పేది కూడా ఆ తీర్పే.

1913లో బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్పిచ్చి అంబేద్కర్‌ను కొలంబియా యూనివర్సిటీకి పంపింది. ఆ రోజు అంటరాని కులంలో పుట్టిన యువకుడికి న్యూయార్క్‌లో పట్టా వచ్చే ఛాన్సెంత అని ఎవరైనా లెక్కగడితే సున్నా వచ్చేది, ఎందుకంటే అంతకుముందు ఆ దారిన పోయినవాళ్ళు లెక్కలో లేరు. పాత లెక్కలు పాత లోకాన్నే చూపిస్తాయి. క్లాసులో వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి "సార్, నాకు ఛాన్సుందా?" అని అడిగితే, టీచర్లుగా, కార్యకర్తలుగా మనం ఆమె మార్కుల జాబితా తెరవకముందే ఆ ఛాన్సు ఇవాళ ఎవరి చేతుల్లో ఉందో అడగాలి. అడిగి, ఆ చేతుల్లోంచి దాన్ని ఇప్పించే పని మొదలుపెట్టాలి.