‘ఉంటే ఎయ్యాల’: తెలుగు వంటల పుస్తకమూ, పేట వంటిల్లూ

తెలుగులో కథని చదివినట్టు, కవిత్వాన్ని చదివినట్టు వంటల పుస్తకాన్ని ఎవరూ చదవరు. పొయ్యిగట్టు మీద పెట్టుకుంటారు, నూనె మరకలు పడ్డాక అటక మీదకి ఎక్కిస్తారు. మన విమర్శకుల లెక్కలో అది సాహిత్యం కాదు, సామాజిక శాస్త్రవేత్తల లెక్కలో అది ఆధారమూ కాదు. అయినా ‘మన’ అనే మాటకి అర్థం నేర్పిన అచ్చు పుస్తకాల్లో అదొకటి. మన వంటలు, మన రుచులు, మన ఇంటి పిండివంటలు. ఈ ‘మన’లో ఎవరున్నారు, ఎవరు గుమ్మం బయటే ఆగిపోయారు అన్నదే మా ప్రశ్న. దాన్ని ఎలమంచిలి చుట్టుపక్కల పేటల నుంచి అడుగుతున్నాం. మేము పుట్టి పెరిగిందీ, మా అమ్మలు వండిందీ అక్కడే.

ముందుగా ఆ పుస్తకాలకి ఇవ్వవలసిన గౌరవం ఇద్దాం. మాలతీ చందూర్ 1952 నుంచీ దశాబ్దాల పాటు ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో ‘ప్రమదావనం’ నడిపారు. ఆమె ‘వంటలు - పిండివంటలు’ ఎన్నోసార్లు మళ్ళీ మళ్ళీ అచ్చయింది. ఉద్యోగరీత్యా మద్రాసుకో, బొంబాయికో, భిలాయికో పోయిన కొత్త కాపురాల్లో పక్కన అమ్మ లేని లోటుని అలాంటి పుస్తకాలు తీర్చాయి. ఆడవాళ్ళు రోజూ చేసే చాకిరీని అచ్చుకెక్కదగిన విద్యగా నిలబెట్టాయి. ఇది చిన్న సంగతేం కాదు. స్త్రీల శ్రమ గురించి మాట్లాడేవాళ్ళు దీన్ని తీసిపారెయ్యకూడదు.

కానీ అచ్చుకెక్కాలంటే ముందు అక్షరం ఉండాలి. కూతురికి పుస్తకం కొనిచ్చే తల్లి ఉండాలి. చదువుకున్న కూతురికి తీరుబడి ఉండాలి. మా పేటల్లో ఇంటికొకరు బడి మెట్లెక్కింది నిన్న మొన్న. మా అమ్మల వంట కంటితో, చేత్తో నేర్చుకున్నది. అంచేత తెలుగు వంటల పుస్తకం చరిత్రంటే, ఎవరి వంటింటికి ముందు అక్షరం వచ్చిందో ఆ వంటింటి చరిత్రే. మిగిలినవాళ్ళకి వంట లేదని కాదు, రాసిపెట్టే చెయ్యి లేదు.

అర్జున్ అప్పాదురై 1988లో రాసిన ఒక వ్యాసంలో ఇంగ్లీషులో వచ్చే భారతీయ వంటల పుస్తకాలను పరిశీలించారు. నగరాల మధ్యతరగతి స్త్రీలు ఒకరి వంటలు ఒకరికి ఇచ్చిపుచ్చుకుంటూ ‘జాతీయ వంట’ని ఎలా తయారుచేశారో చూపించారు. అందులోనే ఇంకో మాటన్నారు. హిందూ శాస్త్ర గ్రంథాలు తిండి గురించి ఎంతో మాట్లాడతాయి గానీ వండే పద్ధతి గురించి మాట్లాడేది తక్కువ. ఏది తినొచ్చు, ఏది తినకూడదు, ఎవరి చేతిది తినకూడదు అన్నదే వాటి ధ్యాస. మాకు ఇది చాలా ముఖ్యమైన మాట. అంటే మన దేశంలో వంట చెప్పే పుస్తకం కన్నా ముందే అంటు చెప్పే పుస్తకం పుట్టింది. ఆధునిక వంటల పుస్తకం అంటు ఊసెత్తదు. కానీ ఎవరి వంటలు రాయాలో ఎంచేటప్పుడు ఆ పాత పుస్తకమే దాని భుజం మీంచి తొంగి చూస్తూ ఉంటుంది.

‘కుటుంబంతో, స్నేహితులతో పంచుకునే మీకిష్టమైన ఇంటి వంటలు’. పత్రికల పోటీల్లో, మహిళా మండళ్ళ చిన్న పుస్తకాల్లో కనపడే మాట ఇది. వినడానికి ఎంతో ఆప్యాయంగా ఉంటుంది. దీన్ని పదం పదం విడదీసి చూద్దాం.

‘ఇంటి’. ఏ ఇంటి? పుస్తకంలో ఇంటికి వేరే వంటగది ఉంటుంది, కుళాయి ఉంటుంది, వరసగా డబ్బాలుంటాయి. పేటలో పొయ్యి వాకిట్లో ఉంటుంది. వానొస్తే పొయ్యి మారుతుంది, పొయ్యితో పాటు వంటా మారుతుంది.

‘ఇష్టమైన’. ఎంచుకునే వీలున్నవాళ్ళకి ఇష్టం ఉంటుంది. ఊడ్పులకి పోయి నూకలు తెచ్చుకున్న రోజు నూకల జావ ఇష్టమా కాదా అని ఎవరూ అడగలేదు. అలాగని మా వాళ్ళకి రుచి తెలీదనుకుంటే పొరపాటు. ఆకలే ఉంటాది, రుచి ఉండదనుకోవడం అవతలివాళ్ళ ఊహ.

‘తగినంత’. పుస్తకంలో తగినంత ఉప్పు, సరిపడా నూనె అని రాస్తారు. ఎవరికి తగినంత? వంట పుస్తకాల వ్యాకరణం అంతా ‘వేయండి, కలపండి, దించండి’ అనే ఆజ్ఞార్థకంలో నడుస్తుంది. మేము పేటల్లో అడిగి రాసుకున్న వంటలకి వేరే వ్యాకరణం ఉంది. చోడంబలి ఎలా కాస్తావప్పా అని అడిగితే ఒక అప్ప ఇలా చెప్పింది: “రేత్రి సోడిపిండి నీళ్ళల్లో కలిపి పెట్టెయ్యాల, పులుస్తాది. పొద్దున నూకలుడికినాక అందులో పోసి తెడ్డుతో కలపాల. ఉంటే మజ్జిగెయ్యాల. ఉంటే ఉల్లిపాయ. నేకపోతే ఉప్పే.” 

ఈ ‘ఉంటే’ అన్న మాట తెలుగు వంటల పుస్తకంలో అరుదు. పేట వంటకి అదే ప్రధాన క్రియ. ఆ మాట వెనక కూలి రేటుంది, కౌలుంది, భూమి లేకపోవడం ఉంది. విమర్శకుడు ఒక ప్రక్రియని శైలిని బట్టి గుర్తుపడతాడు. మేము పేట వంటని ‘ఉంటే’ని బట్టి గుర్తుపడతాం.

ఇంకో వంట చూడండి. పూడిమడక రేవు వైపు నుంచి ఎండు చేపలు సంతకొస్తాయి. ఎండు నెత్తళ్ళ తలలు తుంచి, ఇసక పోయేదాకా వేడినీళ్ళలో కడిగి, ఒట్టి దాకలో వేయించి, వంకాయ ముక్కలతో చింతపండు పులుసు పెడతారు. గుప్పెడు చేపలతో ఇంటిల్లిపాది తినొచ్చు. ఇందులో ఆర్థిక శాస్త్రం ఉంది, నిలవ చేసే విజ్ఞానం ఉంది, సముద్రానికీ మెట్టకీ మధ్య వ్యాపారం ఉంది. అయినా అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు మా వాళ్ళని ముందు అడిగేది ‘వాసనొచ్చే కూరలు వండుతారా’ అనే. కులం అడగడానికి సిగ్గుపడేవాళ్ళు కూర అడుగుతారు.

మూడోది తునకలు. పెద్ద మాంసాన్ని పొడుగ్గా పేలికల్లా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, తాడు మీద ఎండ కాసినన్ని రోజులు ఆరేస్తారు. వానాకాలం పనుల్లేని రోజుల్లో నిప్పుల మీద కాల్చి, దంచి, గోంగూరతోనో చింతచిగురుతోనో వండుతారు. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ చట్టం ఆవునీ దూడనీ కోయడాన్ని నిషేధించి, మిగిలిన పశువులకి అధికారి ధ్రువపత్రం కావాలంది. అంటే మా ఈ ఒక్క కూరకి శాసనసభ దాకా పోయిన చరిత్ర ఉంది. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండగ చేస్తే గొడవలయ్యాయి. అక్కడ ఒక సంగతి గమనించాలి. మా ఇళ్ళల్లో ఆదివారం కూరగా ఉన్నది విశ్వవిద్యాలయంలో పండగగానే అడుగుపెట్టగలిగింది. మామూలు కూరగా హాస్టలు మెస్సులోకి రాలేకపోయింది.

మహారాష్ట్రలో ఈ పని జరిగింది. 2009లో పుణె విశ్వవిద్యాలయంలోని సావిత్రీబాయి ఫూలే పేరున్న స్త్రీ అధ్యయన కేంద్రం ‘ఈ కంచం భారతీయం కాదా’ అని అర్థం వచ్చే పేరుతో దళితుల తిండి చరిత్రలనీ జ్ఞాపకాలనీ ప్రచురించింది. 2015లో షాహూ పాటోళే ‘అన్న హే అపూర్ణ బ్రహ్మ’ రాశారు. అన్నం పూర్ణబ్రహ్మం అనే నానుడిని ఆ ఒక్క ‘అ’తో తిరగేశారు. మరాఠ్వాడా మహర్, మాంగుల వంటలు అందులో ఉన్నాయి, ఎండబెట్టిన మాంసం ‘చాన్యా’తో సహా. 2024లో అది ఇంగ్లీషులోకీ వచ్చింది. మన దగ్గర 1995లో ‘చిక్కనవుతున్న పాట’ వచ్చేనాటికే మన తిండి కవిత్వంలోకి నిలబడి వచ్చింది. కానీ కవిత్వంలో అది ధిక్కారంగా వచ్చింది, ఎలా వండాలో చెప్పలేదు. చెప్పవలసిన పని కవిది కూడా కాదు. ఆ పని మనలాంటి పరిశోధకులది.

ఇక్కడ మన వాళ్ళే వేసే ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటెయ్యకూడదు. ఆకలి తిండిని వంటకంగా రాస్తే ఆకలికి అందం తొడిగినట్టు కాదా? అంబేద్కర్ 1927 మార్చిలో మహద్‌లో మాట్లాడుతూ చచ్చిన గొడ్డు మాంసం తినడం మానెయ్యమన్నారు. మన పెద్దలు ఎంతో మంది ఆ మాట మీద నిలబడి గౌరవం సంపాదించుకున్నారు. వాళ్ళు వదిలేసినదాన్ని మనం సంస్కృతి పేరుతో తిరిగి వాళ్ళ కంచంలో పెడతామా? పెట్టం. ఒకరు బలవంతంగా తినిపించినదానికీ, మనంగా వండుకున్నదానికీ తేడా ఉంది. 1948లో ‘అంటరానివారు’ పుస్తకంలో అంబేద్కరే గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న సంబంధాన్ని చరిత్రగా తవ్వారు. మానెయ్యమన్నాయన దాని చరిత్ర మాత్రం దాచెయ్యలేదు. మనం రాసేటప్పుడు వంటతో పాటు అది ఎందుకు వండవలసి వచ్చిందో కూడా రాయాలి. ‘ఉంటే’ని కొట్టేసి రాసిన పేట వంట అబద్ధపు వంట.

అబద్ధపు వంటకి ఉదాహరణ వెతకనక్కర్లేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదింట తెల్లన్నం మర్యాద అయింది, అంబలి నామోషీ అయింది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ మార్చిలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పిల్లలకి రాగిజావ పోయడం మొదలైంది. పిల్లల కడుపులోకి మంచి తిండి పోతే మాకు సంతోషమే. కానీ మేము అంబలి తాగి బడికి పోతే నవ్విన నోళ్ళే ఇప్పుడు దాన్ని ‘మన పూర్వీకుల ఆరోగ్య రహస్యం’ అంటున్నాయి. ఎవరి పూర్వీకులు? చోళ్ళు విసిరిన చెయ్యి ఏదో ఆ మాటలో కనపడదు.

మన లోపలి తేడాలు కూడా రాయాలి. మాల ఇంటి వంట, మాదిగ ఇంటి వంట, రెల్లి ఇంటి వంట ఒకటి కాదు. విశాఖ ఊరి చెత్త ఎత్తిన రెల్లి కుటుంబాల కంచం గురించి మాల, మాదిగ పరిశోధకులు రాసింది తక్కువే. ఇంటి లోపల చూస్తే, వండిన ఆడమనిషి ఆఖర్న అడుగు గోక్కుని తినడం అన్ని పేటల్లోనూ ఉన్నదే. ఆ గిన్నె అడుగు గురించి రాయని వంటల పుస్తకం ఎవరు రాసినా అసంపూర్ణమే.

ఇక చివరి పదం, ‘పంచుకునే’. తేలిగ్గా అనేస్తారు గానీ అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారంలో, పోర్టులో, ఆ తర్వాత అచ్యుతాపురం కంపెనీల్లో మా ఊళ్ళ మనుషులు క్యారేజీలు పట్టుకుని పనికి పోయారు. ఒకే కొలిమి దగ్గర చెమటోడ్చినవాళ్ళు మధ్యాహ్నం క్యారేజీ మూత తీసేటప్పుడు గుంపులుగా విడిపోవడం మా వాళ్ళు చెప్పగా విన్నాం. కూర ఇస్తే ‘ఇవాళ వారం’ అంటారు. వారం అన్ని రోజులూ ఉంటుంది. మధ్యాహ్న భోజన పథకంలో వంటవాళ్ళుగా దళితులకీ, ఆదివాసీలకీ ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని సూఖీఢాంగ్ బడిలో దళిత స్త్రీ వండిన అన్నం పిల్లలు తినలేదు. ఆ పిల్లలకి ఆ అన్నం రుచి తెలీదు, వండిన మనిషి కులం తెలుసు.

సహపంక్తి భోజనాలు కులాన్ని చంపలేవని అంబేద్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో చెప్పారు. అంచేత పేట వంటల పుస్తకం వస్తే కులం పోతుందని మేము భ్రమపడటం లేదు. మా కోరిక అంత పెద్దది కాదు, అంత చిన్నదీ కాదు. ‘తెలుగువారి వంట’ అని అట్ట మీద వేసుకున్న ప్రతి పుస్తకాన్నీ ఇకమీదట ఎవరి వంట అని అడగగలగాలి. అడగాలంటే మన చేతిలో మన రాత ఉండాలి.

అది రాయవలసిన పద్ధతి గురించి మూడు మాటలు. చెప్పిన మనిషి మాటతీరు మార్చకుండా రాయాలి. ‘నేకపోతే’ అంటే ‘లేకపోతే’ అని దిద్దకూడదు. కొలతలు వాళ్ళు చెప్పిన గిద్ద, సోల, గుప్పెడులోనే ఉండాలి. ప్రతి వంట కిందా అది ఏ నెలలో, ఏ పని దొరికినప్పుడు, ఎవరు తిన్నాక ఎవరు తిన్నారో ఉండాలి. ఈ పత్రిక చదివే విద్యార్థులు సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్క వంట రాసుకు రండి. చెప్పే అమ్మలు ఆలస్యం చేస్తే ఉండరు. వాళ్ళతో పాటు పోయే పాఠాన్ని ఏ గ్రంథాలయమూ తిరిగి ఇవ్వలేదు.