పండగ ధర సరే, పోర్టు ఏది?

2025 సెప్టెంబరు 22న శరన్నవరాత్రులు మొదలయ్యాయి. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగిందీ ఆ రోజే. మర్నాడు పెద్ద ఆన్‌లైన్ దుకాణాలు పండగ సేల్ తలుపులు తీశాయి. అంతకుముందు పన్నుతో కలిపి లక్షా 28 వేలు పలికిన సెట్టు, అమ్మేవాడు తన లాభంలోంచి పైసా వదులుకోకపోయినా, లక్షా 18 వేలకు రావాలి. అంటే కొనేవాడికి మిగిలింది ఎనిమిది శాతం లోపే. పన్ను పది తగ్గింది కాబట్టి ధరా పది శాతం తగ్గిందని మురిసినవాళ్లు కాగితం మీద లెక్క వేసుకోలేదన్నమాట. దాని మీద కార్డు డిస్కౌంటు, పాత టీవీ ఎక్స్చేంజి, నో కాస్ట్ ఈఎంఐ. ఇన్ని అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాక, అసలు కొంటున్నదేమిటో చూసే తీరిక ఎవరికి?

సినిమాలకో క్రికెట్‌కో కొనేవాళ్లకు ఈ హడావిడి పెద్ద నష్టమేం చేయదు. లక్ష దాటిన టీవీ ఏదైనా వాళ్లకు బాగానే కనిపిస్తుంది. చిక్కంతా గేమ్స్ ఆడేవాడికే. వాడికి కావలసిన గుణాల్లో సగం కంటికి కనిపించవు. మిగతా సగం డబ్బా మీద రాసి ఉన్నా నమ్మడానికి లేదు.

షోరూములోకి అడుగుపెట్టగానే గోడ నిండా టీవీలు. నల్లటి నేపథ్యంలో నెమ్మదిగా విచ్చుకునే పువ్వు, గాల్లోకి చిమ్మే రంగులు, రాత్రిపూట ఏదో మహానగరం. సెట్లన్నీ స్టోర్ మోడ్‌లో ఉంటాయి, వెలుతురు ఆఖరి మెట్టు దాకా పెంచి. పక్కపక్కన పెట్టిన వాటిలో ఎక్కువ మెరిసేదే మంచిదని కన్ను తీర్పు చెప్పేస్తుంది. “సార్, ఈ బ్లాక్ చూడండి సార్” అంటాడు సేల్స్ కుర్రాడు. నిజంగానే బాగుంటుంది. “అది సరే తమ్ముడూ, గేమ్ మోడ్‌లో పెట్టి చూపిస్తావా? ఇన్‌పుట్ లాగ్ ఎంత?” అని అడిగితే మాత్రం మేనేజర్ వైపు చూస్తాడు. అతన్ని అనడానికేం లేదు. ఆ ప్రశ్న వేసే గిరాకీ అరుదు, దానికి జవాబు అతనికి ఎవరూ నేర్పలేదు.

కంట్రోలర్ బటన్ నొక్కాక తెర మీద బొమ్మ కదిలే లోపు టీవీ తన వంతుగా కలిపే ఆలస్యాన్నే ఇన్‌పుట్ లాగ్ అంటారు. మామూలు పిక్చర్ మోడ్‌లో టీవీ ప్రతి ఫ్రేమునూ కాసేపు పట్టి ఉంచుకుంటుంది. మరకలు తుడుస్తుంది, అంచులకు పదును పెడుతుంది, రెండు ఫ్రేముల మధ్య తానే మూడోది పుట్టిస్తుంది. సినిమాలో ఇదంతా తెలియదు, మాటను కూడా బొమ్మతో పాటే ఆపి వదులుతుంది కాబట్టి. గేమ్‌లో వేలు ఆగదు కదా! సెకనుకు 60 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము ఆయుష్షు 16.7 మిల్లీసెకన్లు. టీవీ వంద మిల్లీసెకన్లు మింగిందంటే ఆటగాడు ఆరు ఫ్రేములు వెనకబడ్డట్టే. గోడ దూకాల్సిన మనిషి అప్పటికే గోడకు గుద్దుకుని ఉంటాడు. మంచి ఓఎల్ఈడీ సెట్టును గేమ్ మోడ్‌లో పెడితే ఈ ఆలస్యం పది మిల్లీసెకన్ల దగ్గరికి, 120 హెర్ట్జ్‌లో ఐదారుకు దిగుతుంది. లక్షన్నర పోసి కొని, ఆ మోడ్ వేసుకోకుండా ఆడేవాళ్లు ఉన్నారంటే నమ్మబుద్ధి కాదు గానీ, ఉన్నారు.

ఇక పోర్టు. ఈ వ్యవహారంలో అసలు మెలిక అక్కడే ఉంది.

హెచ్‌డీఎంఐ 2.0 సెకనుకు 18 గిగాబిట్లు మోసేది. 2017 నవంబరులో విడుదలైన 2.1 ప్రమాణం దాన్ని 48కి పెంచింది. 4కే బొమ్మను ఏ కోతా లేకుండా సెకనుకు 120 సార్లు పంపాలంటే పాత దారి ఇరుకు. 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ వచ్చాక మామూలు కొనుగోలుదారు కూడా డబ్బా మీద ‘2.1’ వెతకడం నేర్చుకున్నాడు. తీరా నేర్చుకునేసరికి ఆ అంకెకు అర్థం లేకుండా పోయింది. లైసెన్సులిచ్చే సంస్థ లెక్కలో 2.0 అనేదే ఇక లేదని, కొత్తవన్నీ 2.1 కిందికే వస్తాయని, 4కే 120, తెర వేగాన్ని గేముకు తగ్గట్టు మార్చే వీఆర్ఆర్ లాంటి సౌకర్యాలన్నీ తయారీదారు ఇష్టమని 2021 డిసెంబరులో బయటపడింది. అంటే పాత వేగం పోర్టే పెట్టి పైన కొత్త పేరు రాసుకున్నా నిబంధన ఒప్పుకుంటుంది. కొనేవాణ్ని ఇంత చట్టబద్ధంగా తికమకపెట్టే ఏర్పాటు అరుదు.

అందుకే అడగాల్సింది 2.1 ఉందా అని కాదు, 4కే 120 హెర్ట్జ్ ఎన్ని పోర్టులు తీసుకుంటాయని. చాలా సెట్ల వెనక, పోర్టు పక్కనే చిన్న అక్షరాల్లో అది రాసి ఉంటుంది. ఫోన్ టార్చి వేసి వంగి చూస్తే దుకాణంలో ఎవరూ ఏమీ అనుకోరు. 2019 నాటి సీ9 నుంచి ఎల్‌జీ సీ వరుస ఓఎల్ఈడీల్లో నాలుగు పోర్టులూ పనికొస్తాయి. సోనీ బ్రావియాల్లో చాలా మోడళ్లకు రెండే, అందులోనూ ఒకటి సౌండ్‌బార్ పెట్టుకునే ఈఆర్క్ పోర్టు. ఇది చదివేటప్పుడు చిన్న విషయంలాగే ఉంటుంది. సౌండ్‌బార్ ఒక దాంట్లో, ప్లేస్టేషన్ రెండో దాంట్లో పెట్టి, తమ్ముడి ఎక్స్‌బాక్స్ ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడినప్పుడు గానీ దాని బరువు తెలియదు. అయితే ఇంట్లో ఒక్క కన్సోలే ఉంటే సోనీ బొమ్మ తీర్చిదిద్దే పద్ధతి ముందు ఈ లోటు లోటే కాదని ఈ కాలమ్ అభిప్రాయం.

సెకనుకు 120 ఫ్రేములతో నడిచే గేములు ఎన్నున్నాయని కొందరు పెదవి విరుస్తారు. నిజమే, పెద్ద గేములు చాలావరకు 60తోనో 30తోనో సరిపెట్టుకుంటాయి. కానీ 120 హెర్ట్జ్ తెర వల్ల దక్కే లాభం ఇంకోటుంది. 2021లో ‘రాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్’ గేముకు 40 ఫ్రేముల మోడ్ ఒకటి కలిపారు. నలభై అనేది 60లో సరిగ్గా ఇమడదు, ఫ్రేముకు ఒకటిన్నర వంతు వస్తుంది, బొమ్మ కుదుపులు పడుతుంది. 120లో అయితే ఒక్కో ఫ్రేమును మూడుసార్లు చూపిస్తే లెక్క సరిపోతుంది. పైగా 30 ఫ్రేముల దగ్గర ఒక్కోటీ 33.3 మిల్లీసెకన్లు, 60 దగ్గర 16.7. నలభై దగ్గర 25. అంటే అంకెల్లో 30కి దగ్గరగా కనిపించే 40, కాలం లెక్కలో 30కీ 60కీ సరిగ్గా నడిమధ్యన ఉంది. గ్రాఫిక్స్ నాణ్యత పెద్దగా వదులుకోకుండానే చేతికి సగం హాయి. తర్వాత ‘స్పైడర్‌మ్యాన్ 2’ సహా పలు గేములు ఇదే దారి పట్టాయి. 60 హెర్ట్జ్ టీవీ ఉన్నవాడికి ఆ మోడ్ అందదు.

వీఆర్ఆర్ సంగతీ అంతే. గేమ్ ఫ్రేములు ఎప్పుడు తయారైతే అప్పుడే తెర మారేలా చేసే సౌకర్యం అది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఎల్డెన్ రింగ్’ 60 ఫ్రేములు అందుకోలేక పడుతూ లేస్తూ నడుస్తుందని ఆడినవాళ్లందరికీ తెలుసు. వీఆర్ఆర్ ఉన్న టీవీ మీద ఆ తడబాటు చాలావరకు కంటికి ఆనదు. ప్లేస్టేషన్ 5కు ఈ సౌకర్యం 2022 ఏప్రిల్ అప్‌డేట్‌తో గానీ రాలేదు. ప్రకటనల్లో ఊదరగొట్టే 144, 165 హెర్ట్జ్ మాత్రం పీసీ ఆటగాళ్ల కోసం, ఈ కన్సోళ్లు 120 దాటి పంపవు. ‘మోషన్ రేట్ 240’ లాంటి మాటల్ని చదవకుండా దాటేయొచ్చు.

ఓఎల్ఈడీయా, మినీ ఎల్ఈడీయా అన్న తగువు తెగదు గానీ, తెలుగిళ్లలో దాన్ని తేల్చేది ఎక్కువగా హాలే. పగలంతా బాల్కనీ తలుపు తెరిచి, సాయంత్రం ట్యూబ్‌లైట్లన్నీ వేసే ఇంట్లో క్యూడీ-ఓఎల్ఈడీ నలుపు కాస్త ఊదాబూడిద రంగుకు తిరుగుతుంది. మినీ ఎల్ఈడీ అక్కడ నెగ్గుకొస్తుంది. చీకటి గదిలో ఓఎల్ఈడీకి సాటి లేదు.

బర్న్-ఇన్ భయం మాత్రం తప్పు చోట పెట్టుకుంటున్నారు. గేములోని హెల్త్ బార్ ముద్ర పడిపోతుందని కుర్రాళ్లు కంగారుపడతారు. కెనడాలోని ఆర్టింగ్స్ అనే పరీక్షా సంస్థ 2022 చివర్లో వంద టీవీలు వరసగా పెట్టి, నెలల తరబడి సీఎన్ఎన్ వార్తలు ఆడించింది. ఓఎల్ఈడీల మీద ఛానల్ లోగో, కింది పట్టీ ముద్రలు పడ్డాయి. పలుచగా చేసిన ఎడ్జ్-లిట్ ఎల్ఈడీ టీవీల్లో వెనకవెలుగే దెబ్బతిన్నది చాలావాటికి. మన దగ్గర అసలు ముప్పు కూడా ఆ వార్తల పట్టీల దగ్గరే ఉంది. పొద్దున్న కాఫీతో మొదలై రాత్రి భోజనాల దాకా తెలుగు న్యూస్ ఛానల్ నడిచే ఇల్లైతే, కొడుకు గంట సేపు ఆడే గేము కన్నా ఆ ఎర్ర బ్రేకింగ్ పట్టీకే ఎక్కువ భయపడాలి.

ఇంకోటి, పడుకోబోయే ముందు గోడ మీద స్విచ్ తీసేసే మన అలవాటు. “ఆ ఎర్ర లైటు అట్లా వెలుగుతుంటే కరెంటు కాలదేంట్రా” అని అమ్మ వెళ్లి టక్కున ఆపేస్తుంది. ఓఎల్ఈడీలు నాలుగు గంటలు నడిచాక, రిమోట్‌తో ఆపిన తర్వాత, స్టాండ్‌బైలో కొన్ని నిమిషాలు పిక్సెళ్లను సరిచేసుకుంటాయి. గోడ స్విచ్ తీస్తే ఆ పని జరగదు. “ఒక్క పది నిమిషాలాగి తియ్యమ్మా” అని చెప్పుకుంటే సరిపోతుంది.

ఇవన్నీ సేల్ తెరవకముందే తేల్చుకోవాల్సినవి. ఒకటో రెండో మోడళ్లు కాగితం మీద రాసుకున్నవాడికే పండగ ధర ఉపయోగపడుతుంది. లేనివాణ్ని టిక్కుటిక్కుమనే కౌంట్‌డౌన్ గడియారం ఎటు లాగితే అటు పోతాడు. 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ మొదటి బిగ్ బిలియన్ డే నాడు సైటు మొరాయించింది, సరుకు చూస్తుండగానే అయిపోయింది, ధరలు ముందే పెంచి తగ్గించారని జనం మండిపడ్డారు. వ్యవస్థాపకులు సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ క్షమాపణ లేఖ పంపాల్సి వచ్చింది. ఆ తర్వాత సర్వర్లు గట్టిపడ్డాయి, కొట్టేసిన ఎంఆర్‌పీ పక్కన పెద్ద శాతం చూపే ఆట మాత్రం పోలేదు. ఆ మోడల్ గడిచిన ఆరు నెలల్లో ఎంతకు అమ్ముడైందో కీపా లాంటి ధరల చరిత్ర సాధనాల్లో చూసుకుంటే ఆ శాతం రంగు తెలిసిపోతుంది.

నో కాస్ట్ ఈఎంఐ గురించి కూడా ఒక మాట. సున్నా వడ్డీ అనేది లేనే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. ఇప్పటి పద్ధతిలో వడ్డీ సొమ్ముకు సమానమైన మొత్తాన్ని ముందే డిస్కౌంటుగా తగ్గించి, తర్వాత బ్యాంకు అదే వడ్డీ వసూలు చేస్తుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మనదే. ఏడు వేల వడ్డీకి 1,260 రూపాయలు, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఒక్కసారిగా కట్టేవాడికి ఇచ్చే డిస్కౌంటు ఈఎంఐలో లేకపోతే ఆ తేడా కూడా కలుపుకోవాలి.

కన్సోల్ మీద ఆడేవాడికి పండగలో అసలైన బేరం నిరుటి మోడల్. కొత్తవి జనవరిలో లాస్ వేగస్ సీఈఎస్‌లో కనిపిస్తాయి, దసరా నాటికి దుకాణాల్లో రెండు తరాలూ పక్కపక్కనే ఉంటాయి. ఎల్‌జీ సీ3కీ సీ4కీ మధ్య పెద్దగా చెప్పుకున్న తేడాల్లో ఒకటి 120 నుంచి 144 హెర్ట్జ్‌కు వెళ్లడం. కన్సోల్‌కు దాంతో పని లేదు. అయితే అమెరికన్ రివ్యూ చూసి ఆర్డరు పెట్టేముందు జాగ్రత్త. శామ్‌సంగ్ 2024 ఎస్90డీలో సైజును, దేశాన్ని బట్టి ప్యానెల్ రకమే మారింది. బ్లాక్ ఫ్రైడే నాడు డల్లాస్ నుంచి కుటుంబ వాట్సాప్ గ్రూపులోకి వచ్చే ధరల ఫొటోలు ఎటూ గుండె మండించడానికే. వాటిలో సేల్స్ ట్యాక్స్ కలిసి ఉండదు. విదేశాల నుంచి వచ్చేవాళ్లు ఫ్లాట్ టీవీని సుంకం లేకుండా లగేజీలో తెచ్చుకునే వెసులుబాటును ప్రభుత్వం 2013 ఆగస్టు 26 నుంచే తీసేసింది.

సెట్టు ఇంటికొచ్చి, టెక్నీషియన్ గోడకు బిగించే రోజే కన్సోల్ కలిపి చూడాలి. ముందు టీవీ మెనూలో ఆ పోర్టును మేల్కొల్పాలి. సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్, శామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో డీప్ కలర్ అని ఉంటుంది. తర్వాత ప్లేస్టేషన్ స్క్రీన్ అండ్ వీడియో సెట్టింగుల్లో వీడియో అవుట్‌పుట్ సమాచారం పేజీ తెరిస్తే, 120 హెర్ట్జ్, వీఆర్ఆర్ ఈ టీవీకి అందుతాయో లేదో అక్కడ రాసి ఉంటుంది. ఎక్స్‌బాక్స్‌లో 4కే టీవీ వివరాల పేజీ వరసగా టిక్కులు పెట్టి చూపిస్తుంది. అక్కడ తేడా కనిపిస్తే వెంటనే టీవీని తిట్టుకోనక్కర్లేదు. కొత్త ఫ్లాట్లలో ఇంటీరియర్ పనివాళ్లు టీవీ యూనిట్ వెనక గోడలో ఎప్పుడో పూడ్చేసిన పాత హెచ్‌డీఎంఐ కేబులే చాలాసార్లు నేరస్థురాలు. కన్సోల్ డబ్బాలో వచ్చిన కేబుల్‌ను గోడతో పని లేకుండా నేరుగా తగిలిస్తే నిమిషంలో తేలిపోతుంది. తప్పు గోడలోని దానిదే అయితే, హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో కొత్తది అడిగేటప్పుడు అల్ట్రా హై స్పీడ్ అన్న లేబుల్, దాని మీద స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ ఉన్నాయో లేదో చూసుకోవాలి. మామూలు రాగి కేబుల్ ఐదు మీటర్లు దాటితే 48 గిగాబిట్ల దగ్గర తడబడుతుంది, కాబట్టి పొడవు ముందే కొలుచుకుని వెళ్లాలి.