అడగనివ్వని ప్రశ్నలు

2008 ఆర్థిక సంక్షోభం గురించిన కథనాలలో ఒక పాత్ర తరచుగా ఎదురవుతుంది: ముందే హెచ్చరించినా ఎవరూ లక్ష్యపెట్టని వివేకి. మనకిది కొత్త పాత్ర కాదు. విదురుడు చెప్పాడు, ధృతరాష్ట్రుడు విన్నాడు, చేయవలసింది మాత్రం చేయలేదు. మైకేల్ కర్క్ దర్శకత్వంలో 2009 అక్టోబరులో పి.బి.ఎస్. ఫ్రంట్‌లైన్ ప్రసారం చేసిన ‘ది వార్నింగ్’ అనే డాక్యుమెంటరీ బ్రూక్‌స్లీ బోర్న్‌ను ఇటువంటి పాత్రగానే నిలబెట్టింది. చిత్రం పట్టుగా సాగుతుంది. కాని, ఈ విదుర కథ అసలు విషయాన్ని కొంత మరుగుపరుస్తుందని నా అభిప్రాయం.

బోర్న్ 1996 నుంచి 1999 వరకు కమాడిటీ ఫ్యూచర్స్ ట్రేడింగ్ కమిషన్ అధ్యక్షురాలు. 1998 మే 7న ఆ కమిషన్ వెలువరించినది జోస్యం కాదు, కొత్త నిబంధన కూడా కాదు. అదొక ప్రశ్నావళి. ఎక్స్చేంజీల వెలుపల రెండు పక్షాలు తమలో తాము కుదుర్చుకొనే డెరివేటివ్ ఒప్పందాల లెక్కలు ఎలా భద్రపరచాలి? ఏయే వివరాలు వెల్లడించాలి? నష్టాన్ని తట్టుకొనేందుకు ఎంత మూలధనం ఉండాలి? వీటిపై అభిప్రాయాలు చెప్పమని మాత్రమే అది కోరింది.

అదే రోజు ట్రెజరీ కార్యదర్శి రాబర్ట్ రూబిన్, ఫెడరల్ రిజర్వ్ అధ్యక్షుడు ఆలన్ గ్రీన్‌స్పాన్, ఎస్.ఇ.సి. అధ్యక్షుడు ఆర్థర్ లెవిట్ ఉమ్మడిగా ఆందోళన ప్రకటించారు. వారి వాదన పూర్తిగా తీసివేయదగినది కాదు. ఈ ఒప్పందాలు ఫ్యూచర్స్ చట్టం కిందికి వస్తాయేమోనన్న అనుమానం పుడితే, అప్పటికే అమలులో ఉన్నవాటి చెల్లుబాటే వివాదాస్పదమవుతుంది. అయితే ఆ అనుమానాన్ని తీర్చడానికి, ఒప్పందాలకు చట్టబద్ధత కల్పిస్తూనే వాటిపై పర్యవేక్షణను కూడా ఏర్పాటు చేయవచ్చు. 2000 డిసెంబరులో వచ్చిన కమాడిటీ ఫ్యూచర్స్ మోడర్నైజేషన్ చట్టం మొదటి పని చేసి, రెండవదాన్ని చాలావరకు వదిలివేసింది.

ఈ మధ్యలో నిదర్శనం కూడా కళ్ళెదుటికే వచ్చింది. 1998 సెప్టెంబరులో లాంగ్‌టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ కుప్పకూలబోగా, న్యూయార్క్ ఫెడ్ చొరవతో 14 సంస్థలు సుమారు 3.6 బిలియన్ డాలర్లు సమకూర్చి దానిని నిలబెట్టాయి. ఆ మరుసటి నెలలోనే కాంగ్రెస్ ఈ ఒప్పందాల జోలికి పోవద్దని కమిషన్ చేతులు కొన్ని నెలలపాటు కట్టివేసింది! 2008 సెప్టెంబరులో, క్రెడిట్ డిఫాల్ట్ స్వాప్‌లలో కూరుకుపోయిన ఏ.ఐ.జి.కి ఫెడ్ 85 బిలియన్ డాలర్ల అప్పు ప్రకటించవలసివచ్చింది. తన ఆలోచనా విధానంలో లోపం కనబడిందని గ్రీన్‌స్పాన్ ఆ అక్టోబరులో కాంగ్రెస్ ఎదుట అంగీకరించాడు.

సంక్షోభానికి డెరివేటివ్‌లే ఏకైక కారణం కాదు. గృహరుణాల కథ వేరే ఉంది. బోర్న్ మాట విని ఉంటే అంతా చక్కబడేదని చెప్పలేము. చెప్పగలిగినది ఇంతే: ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్న లెక్క 2008లో ఇంత అగమ్యంగా ఉండేది కాదు.

అమెరికాలోని మన తెలుగువారిలో బ్యాంకుల రిస్క్ లెక్కలు వేసేవారున్నారు, ఆ లెక్కలకు సాఫ్ట్‌వేర్ రాసేవారున్నారు. హెచ్చరికను ద్రష్టల సొత్తుగా భావిస్తే మన బాధ్యత తేలికవుతుంది. మనమెవరమూ ద్రష్టలం కాము కదా. కాని 1998లో కావలసినది దివ్యదృష్టి కాదు. ‘ఈ లెక్క ఎక్కడుంది?’ అని అడగడం, అడిగినవారిని అడగనివ్వడం. ‘ది వార్నింగ్’ చూసినవారికి బోర్న్ ధైర్యం గుర్తుండిపోతుంది. ఆమె అడిగిన ప్రశ్నలు కూడా గుర్తుండాలి.