మూనియస్ అడిగిన ప్రశ్న

కవి చేసే వుద్యోగాన్నిబట్టి కవిత్వాన్ని తూచకూడదని మన విమర్శకులు కొందరు హెచ్చరిస్తూ వుంటారు. మామూలుగా నేనూ ఒప్పుకుంటాను. కాని కెనడా కవి డంకన్ కాంప్‌బెల్ స్కాట్ (1862–1947) దగ్గర ఆ సూత్రం నిలబడదు. ఆదివాసుల్ని పాలించే ఇండియన్ వ్యవహారాల శాఖలో గుమాస్తాగా చేరి, 1913 నుంచి 1932 దాకా దాన్ని నడిపిన అధికారి ఆయన. తన శాఖ ఏలిన ప్రజలే ఆయన పేరుపడ్డ కవితలకు వస్తువు.

'ది ఫర్సేకెన్' చూడండి. గడ్డకట్టిన సరస్సు మీద ఒక ఒజిబ్వే తల్లి తన వొంటి మాంసాన్నే గాలానికి గుచ్చి, చేపలు పట్టి, బిడ్డను బతికించుకుంటుంది. ముసలిదయ్యాక ఆ కొడుకూ మనవలే ఆమెను చలికాలపు ముంగిట ఒక దీవిలో వదిలి వెళ్ళిపోతారు. ఆమె ఎవర్నీ ఏమీ అడగదు. శిల్పం దృష్ట్యా గట్టి కవిత. కవి చూపిన కరుణ కపటమని కూడా అనను. అయితే ఆ కరుణ దక్కేదెవరికి? నోరెత్తకుండా చచ్చిపోయేవాళ్ళకి. 'ది ఆనందాగా మడొన్నా'లో తల్లిని అంటిపెట్టుకున్న పసివాడు సైతం అంతరించే జాతికి చివరి గుర్తుగానే కనబడతాడు.

'ది ఫర్సేకెన్' వున్న సంపుటం 1905లో వెలువడింది. ఆ వేసవిలోనే కవిగారు పడవెక్కి ఉత్తర ఒంటారియో నదుల మీద బయలుదేరారు, 9వ నంబరు వొడంబడిక మీద ఆదివాసుల చేత సంతకాలు పెట్టించడానికి. ముగ్గురు కమిషనర్లలో ఆయనొకడు. షరతులు ముందే ఖాయమైపోయాయి. వాటిని మార్చే అధికారం కమిషనర్లకే లేదు. మనిషికి తొలిసారి 8 డాలర్లు, ఆపైన ఏటా 4. అయిదుగురున్న కుటుంబానికి ఒక చదరపు మైలు చొప్పున రిజర్వు. వేటా చేపలూ యథాప్రకారం సాగించుకోవచ్చు, వలసలకో గనులకో కలపకో ప్రభుత్వం తీసుకున్న మేర తప్ప. గనులనే మాట ఆ కాగితంలోనే వుంది!

ఫోర్ట్ హోప్‌లో మూనియస్ అనే పెద్ద అడిగినదాన్ని కమిషనర్ల నివేదికే నమోదు చేసింది. చిన్ననాటినుంచీ తనకెవరూ ఏదీ వూరికే ఇవ్వలేదనీ, గుండుసూదుల పొట్లానికైనా బదులు చెల్లించుకోవలసి వచ్చిందనీ, మరి రాజుగారు బదులడక్కుండా మేళ్ళు చేస్తాననడమేమిటనీ ఆయన అడిగాడు. జవాబు అక్కడి క్రైస్తవ గురువు చెప్పాడు: మీరు వాడుకోలేని భూమి మీద హక్కు వదులుకుంటున్నారు, దానికి సరితూగే మేళ్ళే పొందుతున్నారు అని.

స్కాట్ సంతకమున్న వాఙ్మయం మొత్తంలో నాకు జీవం కనిపించేది ఆ ప్రశ్నలోనే. అది ఆయన కల్పించింది కాదు, చెవులారా విన్నది. అయినా పై రెండు కవితల్లోనూ అలా లెక్క అడిగే మనిషికి చోటు లేదు.

ఆ "వాడుకోలేని" నేలలోనే 2007, 2008 ప్రాంతాల్లో నికెలూ క్రోమైటూ బయటపడ్డాయి. ఆ చోటికి 'రింగ్ ఆఫ్ ఫైర్' అని, జానీ కాష్ పాట పేరు పెట్టారు. (ఆ నేలకు తన పేర్లు లేనట్టు!) ఇప్పుడు కమిషనర్లు రారు, భాగస్వాములు వస్తారు. 2014లో ఒంటారియో ప్రభుత్వం మటావా మండలిలోని 9 ఆదివాసి సమాజాలతో ఉమ్మడి చర్చలకు ఒప్పుకుంది. 2019లో ఆ ఏర్పాటును తానే రద్దుచేసి, విడివిడిగా మాట్లాడుకుందామంది. 2020లో మార్టెన్ ఫాల్స్, వెబెక్వీ సమాజాలతో రోడ్డు ఒప్పందం కుదుర్చుకుంది. 1905లో మార్టెన్ ఫాల్స్ చేత సంతకం చేయించుకున్నదీ స్కాట్ బృందమే.

ఆ ఇద్దరినీ అమ్ముడుపోయారని తిట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. విమానాల మీదా మంచుబాటల మీదా సరుకు తెచ్చుకునేవాళ్ళు దారి కావాలనడంలో తప్పేముంది? రోడ్డునూ గనినీ ఒకే మూటగా కట్టి ముందుపెట్టడంలో వుంది అసలు కిటుకు. పైగా 2025 జూన్‌లో ఆ ప్రభుత్వమే ఒక చట్టం చేసింది. కోరిన చోటును 'ప్రత్యేక ఆర్థిక మండలం'గా ప్రకటించి, అక్కడ రాష్ట్ర చట్టాలనుంచి మినహాయింపులిచ్చే అధికారం తనకే దఖలు పరచుకుంది. భాగస్వాముల్లో ఒకడికే ఇంత అధికారం వుంటే రెండోవాడి "వద్దు"కు విలువేమిటి? మన విశాఖ మన్యం గనుల వివాదంలో 1997 నాటి సమత తీర్పు, షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు కౌలుకివ్వరాదంది. అలాంటి అడ్డుకట్ట ఒంటారియో ఒప్పందాల్లో నాకు కనబడదు.

2023లో పది ఆదివాసి సమాజాలు 9వ నంబరు వొడంబడిక మీద కోర్టుకెక్కాయి. ఈ ప్రాంతంలోనిదే నెస్కంటగా. నీళ్ళు మరిగించి తాగమన్న హెచ్చరిక అక్కడ 1995లో మొదలైంది. 2025కి 30 ఏళ్ళు నిండినా ఎత్తివెయ్యలేదు. తన సమ్మతి లేకుండా రోడ్డు వెయ్యరాదని అడ్డం తిరిగిందీ నెస్కంటగాయే. ఇటీవలి సంవత్సరాల్లో దానికి నాయకత్వం వహించినవాళ్ళలో ఇద్దరి ఇంటిపేరు మూనియస్.