పోతానని కాదు, పోయొస్తానని చెప్పాలి

మా కర్నూలు, కడప వైపు ఇంటికొచ్చిన చుట్టం గడప దాటేటప్పుడు "పోతాను" అనకూడదు, "పోయొస్తా" అనాలి. పొరపాటున మొదటి మాట నోరు జారితే, ఇంట్లో పెద్దావిడ "పోయొస్తా అను నాయనా" అని సరిదిద్దేదాకా కాలు కదపనివ్వదు.

ఈ మర్యాద టీవీవాళ్లకు తెలిసినట్టు లేదు. 2022 చివర్లో, ఈటీవీ కొత్త సంవత్సరం కార్యక్రమం ప్రకటనలో యాంకర్ సుమ కళ్లనీళ్లు పెట్టుకుని, కొంతకాలం విరామం తీసుకుంటానన్నట్టు చూపించారు. ఇంకేముంది! సుమ రిటైరవుతోందని టాంటాం. మా వీధిలో ఒకావిడ బిందె కింద పెట్టి మరీ "ఆయమ్మ పోతాదంటనే!" అని దిగులుపడింది. చివరికి సుమే, తానెక్కడికీ పోవడం లేదని చెప్పుకోవలసి వచ్చింది.

మనసు కుదుటపడిన మాట నిజమే. అయినా నాకు ఒళ్లు మండింది. మనిషి కన్నీళ్లను సగానికి కత్తిరించి, మిగతా సగం ఫలానా రోజు చూడండనడం ఏం పద్ధతి? ఇంట్లో ఆడది ఏడిస్తే "ఏమైందమ్మా" అని అడుగుతాం గానీ, టిక్కెట్టు పెట్టం కదా!

అసలు అంత దిగులెందుకు పడ్డాం? "స్టార్ మహిళ" వల్ల. పదేళ్ల పైచిలుకు, మధ్యాహ్నం పూట, మనలాంటివాళ్లతో ఆడించిన ఆట అది. ఆటల్లో గొప్పేమీ లేదు. చిన్నపిల్లలు సెలవుల్లో ఆడుకునేలాంటివే. ఎవరు గెలిచారో మర్నాటికి గుర్తుండేది కాదు. గుర్తుండేదల్లా సుమ వాళ్లను పలకరించిన తీరు. ఏ ఊరమ్మా, ఏం చేస్తుంటావమ్మా అని అడిగి, జవాబు వినేది. అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు లెండి, వినేవాళ్లే అరుదు. "ఏం చేయను, ఇంట్లోనే ఉంటాను" అన్న ఇల్లాలి నోట పాటో, పొడుపుకథో, అత్తగారి మీద ఛలోక్తో రాబట్టేది. ఎదుటివాళ్లను ఆటపట్టించినా, చివరికి తన మీదే జోకు వేసుకుని సరిపెట్టేది.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచినప్పుడు మా ఇంట్లో టీవీ బురదలో పోయింది. బట్టలు, బియ్యం, పిల్లల పుస్తకాలు ఒకటా రెండా! కరెంటు వచ్చిన కొన్నాళ్లకు, మేడ మీది వాళ్లింట్లో నలుగురం కూర్చుని ఈ ఆట చూశాం. నష్టపరిహారం లెక్కలు మరిచి నవ్విన మొదటి మధ్యాహ్నం అదే. వినోదం పనికిరాని విషయమని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

ఇంకో సంగతి. సుమ పుట్టింటి భాష మలయాళం. అయినా ఆమె తెలుగు వింటే, పుట్టు తెలుగువాళ్లు సిగ్గుపడాలి. మన సీమ యాసంటే సినిమాలకు కత్తులూ, సుమోలూ, లేకపోతే వెకిలి హాస్యం. స్టార్ మహిళలో మాత్రం ఏ జిల్లా ఆడపడుచు వచ్చినా తన యాసలోనే మాట్లాడి, తన ఊరి పేరు చెప్పుకునేది. అదేం చిన్న విషయమా, మీరే చెప్పండి.

ఏ మాటకామాట చెప్పుకోవాలి. ఇప్పటి సుమ అన్నిసార్లూ ఆ సుమ కాదు. సినిమా ఫంక్షన్లలో వచ్చిన ప్రతి హీరోనూ ఆకాశానికెత్తే పని చేస్తుంది. పొగడ్త ఎక్కువైతే ఉప్పెక్కువైన పప్పే. 2023లో అలాంటి ఫంక్షన్‌లోనే విలేకరుల తిండి మీద వేసిన ఛలోక్తి బెడిసి, క్షమాపణ చెప్పుకుంది. "క్యాష్", "సుమ అడ్డా" హుషారుగానే ఉండేవి. కాదనను. కానీ ఆ కుర్చీల్లో కూర్చునేది సినిమావాళ్లు. తమ కొత్త బొమ్మ సంగతి చెప్పుకుని పోయేవారు. ఏ ఊరమ్మా అని అడిగించుకునే ఇల్లాలికి అక్కడ చోటేదీ? నన్నడిగితే మనకు అసలు వీడ్కోలు జరిగింది స్టార్ మహిళ ఆగినప్పుడు. దానికి ఎవరూ టాంటాం వేయలేదు.

అమెరికాలో "వీల్ ఆఫ్ ఫార్చ్యూన్" అనే ఆటను 1981 నుంచి నడిపిన పాట్ సజాక్ 2024 జూన్‌లో తప్పుకున్నాడు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే ఆటగా దాన్ని నిలిపినందుకు సంతోషమని, ఇన్నేళ్లూ తమ ఇళ్లలోకి రానిచ్చినందుకు కృతజ్ఞతలని, నాలుగు మాటలు చెప్పి దిగిపోయాడు. రానిచ్చినందుకట! ఎంత పొందికైన మాట! చుట్టానికుండాల్సిన మర్యాద అది.

సుమగారూ, మీరు నిజంగా విశ్రాంతి తీసుకునే రోజు ఎప్పటికైనా రాకపోదు. ఆ రోజు ప్రకటనల్లో ఏడవకండి. హీరోలను పిలవకండి. నంద్యాల నుంచో, ప్రొద్దుటూరు నుంచో, ఎక్కడి నుంచైనా సరే, నలుగురు ఇల్లాళ్లను పిలిచి, గ్లాసులు పేర్పించి, పేరూ ఊరూ అడగండి. ఆ తర్వాత పోయొస్తానని చెప్పండి. మేమూ కళ్లు తుడుచుకుని, "మంచిదమ్మా, పోయిరా" అంటాం.