న్యూగ్రేంజ్ తెల్లగోడ

ఐర్లండులో బోయిన్ నది ఒడ్డున న్యూగ్రేంజ్ అనే సమాధి దిబ్బ ఉన్నది. దాని వయస్సు సుమారు 5,200 సంవత్సరాలు. గీజా పిరమిడ్లకంటె కూడ పాతది. డిసెంబరులో పగలు మిక్కిలి చిన్నదైన రోజులలో, ఉదయించే సూర్యుని కిరణాలు ద్వారం పైనున్న కంతగుండా దూరి, 19 మీటర్ల ఇరుకుదారి దాటి లోపలి గదిని చేరుతాయి. ఈ వింతను 1967లో కళ్ళారా చూచి లోకానికి తెలిపినవాడు ప్రొఫెసర్ ఓకెల్లీ. 1962 నుండి 1975 వరకు ఇక్కడ త్రవ్వకాలు జరిపించినవాడు కూడ ఆయనే.

ఆ కృషిని ఎంత మెచ్చుకొన్నను, దిబ్బముందు నిలిపిన తెల్లగోడ విషయంలో మాత్రం సందేహం తీరదు. ద్వారానికి ఇరుప్రక్కల నేలమీద తెల్లని క్వార్ట్జు రాళ్ళు పడి ఉన్నవి. అవి ఒకనాటి నిలువుగోడ కూలగా పడినవని ఓకెల్లీ నిర్ణయించినాడు. నమూనాకు చిన్న గోడ కట్టి, కూల్చి పరీక్షించినాడు కూడ. పిమ్మట వెనుక కాంక్రీటు పోసి, ఆ రాళ్ళతో గోడ నిలిపినారు. సమీపంలోని నౌత్ దిబ్బవద్దనో, అటువంటి రాళ్ళనే నేలమీద పరచి ఉంచినారు. సాక్ష్యం ఒకటే, తీర్పులు రెండు!

ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగవలెనని 1964లో వెనిస్ నిబంధనలు చెప్పినవి. గ్రంథంలోని ఊహను తరువాతివారు దిద్దవచ్చు. కాంక్రీటులో పోసిన ఊహను దిద్దుట కష్టం. 1993లో ప్రపంచ వారసత్వ జాబితా కెక్కిన ఇట్టి స్థలంలో, ప్రాచీనుల పని ఏదో, మన పని ఏదో చూపరులకు స్పష్టంగా తెలియవలెను. కట్టడాన్ని కూలకుండ కాపాడుట ఎంత అవసరమో, దాని సాక్ష్యాన్ని చెడకుండ కాపాడుట కూడ అంతే అవసరం.