జడ పక్షమున ఒక మాట

పెండ్లిండ్ల కాలము సమీపించుచుండగా హైదరాబాదు హోటళ్లలో జరుగు వధూవస్త్ర ప్రదర్శనలకు వచ్చువారు చూచునది ముందువైపు: దీపములు, సన్నాయి, పట్టుచీరల తళతళ. తెరకు వెనుక, ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు నాలుగు కర్లింగ్ ఐరన్లు తగిలించి, ఫ్యూజు ఎప్పుడు ఎగిరిపోవునో యని ఒక కన్ను దానిమీదనే ఉంచి, రెండవ కంటితో పాపిటలు తీయుచుండు మావంటివారు కొందరుందురు. మోడళ్ల ముఖములను మేము అద్దములోనే చూతుము. మాకు నిజముగా పరిచయమైనవి వారి మెడలు, మాడులు, చెవుల వెనుక ఏ పిన్నుకును లొంగని సన్నని కురులు.

కొత్తగా ఈ పనికి వచ్చు పిల్లలు మొదట అడుగునది పూలజడ వేయుట ఎట్లని. నేను వారికి మొదట నేర్పునది జడ విప్పుట. పెండ్లిపీటలమీద కూర్చుండు వధువు తల ఒకసారి దువ్వినచో తెల్లవారువరకు నిలువవలెను. ర్యాంపుమీది వధువు తల నిలువవలసినది ఒక్క నడక సేపు, ఆ పిమ్మట కొలది నిమిషములలో అది వేరొక వధువు తల కావలెను. ఒకే అమ్మాయి సంగీత్ లెహంగాలో వదులు కెరటములతో ఒకసారి, ముహూర్తపు చీరలో బారుజడతో మరియొకసారి, రిసెప్షన్ గౌనుకు జెల్ పూసి నున్నగా దువ్విన ముడితో ఇంకొకసారి వచ్చును. ఈ వరుస యిట్లే యుండినచో మాకు చిక్కులేదు, ఏలయన కెరటములు తీర్చిన జుట్టు గరుకెక్కి జడను గట్టిగా పట్టును, జెల్ చివరను వచ్చును గనుక దానిని కడుగుట ఇంటికి పోయిన పిమ్మటి మాట. కాని వరుసను నిర్ణయించువారు చీరల రంగులను చూతురు, పాటల జోరును చూతురు, తలలను చూడరు. జెల్ ముడి మొదట వచ్చి కెరటములు తరువాత వచ్చెనా, ఆ తడి జుట్టుమీద కాలిన ఇనుము పెట్టరాదు, పెట్టిన చుయ్యిమనును, కమురు వాసన వచ్చును, ఆ పిల్ల జుట్టు పాడగును. అట్టి వేళ సవరమే గతి.

సవరమును తక్కువచూపు చూచువారితో నేను ఏకీభవింపను. ప్రదర్శననాటి ఉదయమే, మోడళ్లు రాకమునుపే, కుర్చీ వీపునకు సవరములు కట్టి, జడలు అల్లి, కుప్పెలు బిగించి, పేరు వ్రాసిన చీటీ ఒక్కొక్కదానికి తగిలించి ఉంచుదుము. వేళ వచ్చినప్పుడు అమ్మాయి సొంత జుట్టును మెడపై చిన్నముడిగా చుట్టి, ఆ ముడికి సవరము తలను ఆనించి, యూ పిన్నులను ఎదురెదురుగా, ఒకటి పైనుండి ఒకటి క్రిందినుండి, ఒకదానినొకటి పెనవేసికొనునట్లు దింపవలెను. ఒకే దిక్కున గ్రుచ్చిన పిన్నులు ఎన్ని యున్నను జడ బరువునకు జారును. "అక్కా, లాగుతోంది, కొంచెం వదులు చెయ్యరా?" అని ఆ పిల్ల అడుగును. "వదులు చేస్తే ర్యాంపు మధ్యలో ఊడుతుందమ్మా" అని నేనందును. లాగుచున్న మాట నిజమే; అయినను ఆ పట్టును వదలుటకు వీలులేదు.

ఇనుముతో చుట్టిన కురులను గూర్చి ఒక మాట. జుట్టు కెరాటిన్ అను మాంసకృత్తు. దాని పోగులను పట్టియుంచు హైడ్రోజన్ బంధములు తడికిని వేడికిని సడలి, ఆరి చల్లారునప్పుడు ఏ రూపమున నుండునో ఆ రూపమునందే మరల బిగియును. 180 డిగ్రీల వేడిమిమీద చుట్టిన కురిని చుట్టగానే వ్రేలాడవిడిచినచో అది తన బరువుతో సాగి, సాగిన రూపముననే చల్లారును. ఇనుము తీసిన క్షణముననే చుట్టను అరచేతబట్టి మాడునకు క్లిప్పుతో అంటించి ఊరకుండవలెను, ఆ ఊరకుండుటయే తొందరపాటు మనుష్యులకు చేతగాదు. విశాఖ సముద్రపుగాలిలో ఇంత చేసినను ఫలము సగమే. గాలిలోని తేమ ఆ బంధములను మెల్లగా సడలించుచునే యుండును. అక్కడి షోలకు నేను కెరటముల నొప్పుకొనను, జడయే వేయుదును.

వేసవిలో పూలజడకు గుడిమల్కాపూర్ పూలమార్కెట్టునుండి మల్లెమొగ్గలు తెప్పింతుము. విచ్చిన మల్లె పనికిరాదు. సాయంకాలము విచ్చుట దాని స్వభావము గనుక, కుట్టునప్పటికి గట్టి మొగ్గయైయుండి, తడిగుడ్డ చల్లదనములో ఆగి, ర్యాంపు దీపముల వేడికి అప్పుడప్పుడే రేకు వదలుచున్నట్టిది కావలెను. పైన రాగిడి, దాని క్రింద నాగరము, నడుమ జడబిళ్ళలు, చివర కుప్పెలు. ఈ క్రమమును మార్చుటకు ఏ డిజైనరు చెప్పినను నా చేయి రాదు.

అయితే ఈ ప్రదర్శనలు నిజమైన పెండ్లికూతుళ్లకు చేయుచున్న అపకారము ఒకటి కలదు. మన పెండ్లిలో ముహూర్తవేళ వధూవరులు ఒకరి నడినెత్తిన ఒకరు జీలకర్రబెల్లము పెట్టుకొందురు. పూర్వము ఇంటిలోని పెద్దముత్తైదువలు తలదువ్వుచు ఆ మేర చదునుగా విడిచిపెట్టెడివారు, బాసికము దారమునకును చోటుంచెడివారు. ర్యాంపువధువునకు ఆ ముహూర్తము లేదు గనుక మేము సరిగా ఆ చోటనే జుట్టును వెనుకకు దువ్వి లేపి పెద్ద బుట్టను నిలుపుదుము. ఆ ఫొటోను ఫోనులో చూపి తమకును అట్లే కావలెనని అమ్మాయిలు పట్టుబట్టుదురు. తీరా సుముహూర్తమున, మేళగాండ్రు గట్టిగా అందుకొనుచుండగా, వరుడు తమలపాకు చేతబట్టి ఎక్కడ పెట్టవలెనో తెలియక దిక్కులు చూచును.

జడకు తగిన మర్యాద కూచిపూడివారు చేసిరి. భామాకలాపములో సత్యభామ ముఖము కనబడుటకు ముందే ఆమె జడ తెరమీదుగా వచ్చి సభపై పడును. తనను గెలువగలవారుండినచో ఆ జడను కోయవచ్చునని సవాలు. వేదాంతం సత్యనారాయణశర్మగారివంటి పురుషులు, సవరపుజడతోనే, ఆ పాత్రకు అంతటి వన్నె తెచ్చిరి. మా ర్యాంపుమీద మాత్రము ఫొటోగ్రాఫర్ల గుంపు చివరను ఎదురుగా నిలుచును, పత్రికలలో వచ్చునవన్నియు ముఖములే; జడకు దక్కునది వెనుదిరిగి పోవునప్పటి మసక.

ఈమాట పలుమార్లు మొరపెట్టుకొనగా, ఒక షోలో కొరియోగ్రాఫరు కనికరించి, చివరి వధువు ర్యాంపు కొసకు వచ్చి సభకు వీపు చూపి కొంతసేపు నిలుచునట్లు ఏర్పాటు చేసెను. ఆమె అట్లే నిలిచెను, కుప్పెలు కూడ చక్కగా ఊగెను. ఫొటోగ్రాఫర్లు మాత్రము కెమెరాలు దించి, ఒకడు లెన్సు తుడుచుకొనుచు, ఒకడు ఫోను చూచుకొనుచు, ఆమె ఇటు తిరుగువరకు వేచియుండిరి.